రెండో వైపు ఖాళీ

విశాఖపట్నం
డిసెంబరు 3, 2025

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. బీచ్ రోడ్డు నడక మాత్రం మానదు, నేను డాక్టర్నన్న సంగతి ఆవిడ దగ్గర చెల్లదు. నువ్వు దసరాకి వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయిందని రోజూ నాతో అంటుంది, ఫోన్లో నీతో అనదు.

మొన్న ఆదివారం నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "అదో పిచ్చిలే" అనేసి ఫోను అమ్మ చేతికిచ్చేశాను. ట్రంకు పెట్టెలోంచి నువ్వు పట్టుకెళ్ళిన పోగ్స్ బృందం పాటల క్యాసెట్టు గురించి కదా. పాత సామాన్ల కొట్లో టేప్‌రికార్డరు సంపాదించి మరీ విన్నానన్నావు. మొదటి పాటకే పక్క ఫ్లాటువాళ్ళు గోడ మీద కొట్టారన్నావు. నవ్వుకున్నాను. తర్వాత ఆ పాడినాయన, షేన్ మెక్‌గవన్ గురించి చదివావట. "తమ్ముడు ఒక్క బీరు తాగొచ్చాడని రెండు నెలలు వాడితో మాట్లాడలేదు నువ్వు. ఈయన జీవితమంతా తాగుతూనే ఉన్నాడు. ఈయనంటే నీకెందుకు నాన్నా అంత ఇష్టం?" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అమ్మ పక్కనే ఉంది. అందుకే కాగితం తీశాను. క్యాసెట్టు పైన ఉండే రెండు చిల్లులకి టేపు ముక్కలు ఎందుకు అంటించి ఉన్నాయని కూడా అడిగావు. అది చివర్లో చెప్తాను.

ముందు పేరు సంగతి. 1982లో లండన్ కింగ్స్ క్రాస్ దగ్గర మొదలైనప్పుడు వాళ్ళ పేరు పోగ్స్ కాదు, పోగ్ మహోన్. ఐరిష్ భాషలో దాని అర్థం తండ్రి కూతురికి రాసే ఉత్తరంలో పట్టేది కాదు. వెనక్కి తిరిగి "ఇదిగో ఇక్కడ ముద్దెట్టుకో" అనడం అనుకో, మనూళ్ళో కుళాయి దగ్గర పొద్దున్నే వినపడేదే. అర్థం తెలిసినవాళ్ళు బీబీసీకి ఫిర్యాదు చేస్తే సగం కోసేసి పోగ్స్ అని పెట్టుకున్నారు. అంటే ముద్దు మాత్రం మిగిలింది. నీ దగ్గరున్నది వాళ్ళ రెండో ఆల్బం, 1985ది. దాని పేరు అమ్మ ముందు పైకి చదవకు. అట్ట మీది బొమ్మ జెరికో అనే ఫ్రెంచి చిత్రకారుడిది, ఓడ మునిగి తెప్ప మీద కొట్టుకుపోతున్న జనం. ఆ మొహాల్లో కొన్ని తీసేసి వీళ్ళ మొహాలు పెట్టారు. అందులో 'డర్టీ ఓల్డ్ టౌన్' అని ఒక పాట విన్నావు కదా, గ్యాస్ ఫ్యాక్టరీ, పాత కాలువ, మసి పట్టిన గాలి. అది నువ్విప్పుడు అద్దెకుంటున్న ఇంగ్లండ్ ఊరు సాల్ఫర్డ్ మీద రాసిన పాటే. ఇవాన్ మెకాల్ అనే సాల్ఫర్డ్ మనిషి 1949లో ఒక నాటకం కోసం రాశాడు. ఐర్లండ్ పాట అని అందరూ అనుకునేంతగా వీళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. ఆయన కూతురి పేరు కర్స్టీ. ఆ అమ్మాయి సంగతి మళ్ళీ వస్తుంది.

నేను ప్లాబ్, అంటే విదేశీ డాక్టర్లకి బ్రిటన్‌లో పెట్టే పరీక్ష, పాసై లండన్‌లో హౌస్ ఆఫీసరుగా, అంటే జూనియర్ డాక్టరుగా చేరింది 1986లో. కానీ నోరు మూసుకోవడం నాకు అంతకు పదేళ్ళ ముందే అలవాటైంది. ఇక్కడ మెడికల్ కాలేజీలో చేరిన మొదటి వారం, డిసెక్షన్ హాల్లో ఏదో నరం చూపించి "ఇదేటి?" అని అడిగాను. అంతే. అయిదున్నరేళ్ళు నా పేరు ఏటిగాడు. తిట్టలేదు, కొట్టలేదు, ప్రేమగానే పిలిచేవాళ్ళు. కానీ సినిమాలో మన సిక్కోలు యాస ఎవరికి పెడతారో నీకు తెలుసు కదా. పాలేరుకి పెడతారు, లేకపోతే ఎర్రబస్సు దిగి బిక్కమొహం వేసుకుని నిలబడేవాడికి. హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వేవాణ్ణి. మెల్లిగా పుస్తకం భాష పట్టుకున్నాను, "ఏమిటి", "వెళ్ళిపోయాను" అనడం నేర్చుకున్నాను. లండన్ వెళ్ళాక దాని మీద ఇంకో పొర. సారీ, పార్డన్, థాంక్యూ, అన్నీ సగం గొంతుతో. ఏడాదిన్నర పాటు ఆ దేశంలో నేను ఎక్కడా గట్టిగా మాట్లాడిన గుర్తులేదు.

మా వార్డుకి పేషెంట్లని ట్రాలీ మీద తోసుకొచ్చే పోర్టరు ఒకాయన ఉండేవాడు. ఐర్లండ్‌లోని టిప్పరరీ మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. లిఫ్టులో మేమిద్దరమే ఉంటే నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. గుర్రప్పందాలు, సిస్టరు కోపం, వాళ్ళమ్మ చేసే రొట్టె, అన్నీ. అదే మనిషి బస్సులో కనపడితే తల ఊపేవాడు, నోరు విప్పేవాడు కాదు. మొదట్లో పొగరనుకున్నాను. తర్వాత ఆయనే చెప్పాడు. 1974 నవంబరులో బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది పోయారు. ఐరిష్ తీవ్రవాదుల పని అన్నారు. ఎనిమిది రోజుల్లో ఉగ్రవాదం మీద కొత్త చట్టం వచ్చింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఐరిష్ యాస వినపడితే చాలు, జనం తలలు తిప్పేవాళ్ళు, పోలీసులు ఆపేవాళ్ళు. ఆరుగురు ఐరిష్‌వాళ్ళకి యావజ్జీవ శిక్ష పడింది. చెయ్యని నేరానికి పడిందని తేల్చి బయటికి వదిలేసరికి 1991 వచ్చింది. "అప్పట్నించి బస్సులో మాట్లాడటం మానేశాను డాక్" అన్నాడు. లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

1987 క్రిస్మస్ రాత్రి నాకు డ్యూటీ. మాలాంటి వాళ్ళకే పడేది ఆ డ్యూటీ, మేం కూడా అడక్కుండానే వేయించుకునేవాళ్ళం, ఎటూ వెళ్ళేది లేదు కాబట్టి. ఆరో నంబరు మంచం మీద ఒక ఐరిష్ ముసలాయన. ముసలాయన అంటున్నాను గానీ యాభై రెండేళ్ళు. లండన్‌లో రోడ్లు తవ్వడానికి పదిహేడేళ్ళప్పుడు వచ్చాడట. లివర్ పూర్తిగా పోయింది, కళ్ళు పసుపుముద్దలు, పొట్ట నిండు చూలాలి పొట్టలా ఉంది. నీరు తీస్తున్నాను. ట్యూబులోంచి సీసాలోకి బొట్లు బొట్లుగా పడుతోంది. నర్సుల బల్ల మీద చిన్న రేడియో. అందులో పియానో మొదలైంది, మీద ఒక మగగొంతు. గొంతంటే గొంతా అది, కంకర మిషను. పండగ రాత్రి తాగుబోతుల్ని పడేసే పోలీసు కొట్లో మొదలవుతుంది ఆ పాట. కాసేపటికి ఆడగొంతు అందుకుంటుంది. ఇద్దరూ న్యూయార్క్ వలస వెళ్ళినవాళ్ళు. కలలు కన్నారు, చెడ్డారు, ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నారు. క్రిస్మస్ పాటంటే గంటలు, మంచు, పశువుల పాకలో పసివాడు అనుకునేవాణ్ణి. పండగపూట మొగుడూ పెళ్ళాలు కుళాయి దగ్గర తిట్లు తిట్టుకునే పాట వినడం అదే మొదలు. తలెత్తి చూస్తే ఆరో నంబరాయన కళ్ళు మూసుకుని, మంచం కమ్మీ మీద చూపుడువేలితో తాళం వేస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఐర్లండ్‌లోని మాయో నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు మందుల ట్రే పట్టుకుని నిలబడిపోయి పాడేస్తోంది, ఆడగొంతు వంతు వచ్చినప్పుడల్లా వేలు చూపించి మరీ.

'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్' అది. షేన్ మెక్‌గవన్, బాంజో వాయించే జెమ్ ఫైనర్ కలిసి రాశారు. రెండేళ్ళు కుస్తీ పట్టారట దానితో. ఆ ఆడగొంతే కర్స్టీ మెకాల్. ఐర్లండ్‌లో మొదటి స్థానం, బ్రిటన్‌లో రెండోది. ఇప్పటికీ ప్రతి డిసెంబరులో మీ సూపర్‌మార్కెట్లలో మోగుతూనే ఉంటుంది, ఈపాటికి నీకు విసుగొచ్చే ఉంటుంది. పాటలో న్యూయార్క్ పోలీసుల గాయకబృందం 'గాల్వే బే' పాడుతూ ఉంటుంది. నిజానికి వాళ్ళకి అలాంటి బృందమే లేదు. వీడియో తీసేటప్పుడు పోలీసు బ్యాగ్‌పైపుల వాళ్ళని నిలబెడితే వాళ్ళకి ఆ పాట రాదన్నారు. పెదాలు కదలాలి కదా, అందరికీ నోటికొచ్చిన మిక్కీమౌస్ పాట పాడించి తీశారు. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మా పోర్టరు పొట్ట చేత్తో పట్టుకునేవాడు.

ఆ మార్చిలో ఆయనే నాకు టికెట్టు తెచ్చాడు. ఐరిష్‌వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండగకి లండన్ కెంటిష్ టౌన్‌లోని టౌన్ అండ్ కంట్రీ క్లబ్బులో వాళ్ళ కచేరీ. కచేరీ అని రాశాను గానీ ఆ మాట నప్పదు. మన కచేరీలో కూర్చుంటాం, తల ఊపుతాం. ఇది జాతర. లోపల అడుగుపెట్టగానే కాళ్ళకింద నేల జిగురు, ఒలికిన బీరు ఎండీ ఎండకా. తడిసిన ఉన్ని వాసన, సిగరెట్టు పొగ. ఆకుపచ్చ చారల ఫుట్‌బాల్ చొక్కాలు, భుజాల మీద జెండాలు, తండ్రుల మెడలెక్కిన పిల్లలు కూడా. మా పోర్టరు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. రైల్లో ఎప్పటిలాగే మౌనం. లోపలికొచ్చాక ఎవరినో చూసి ఒక్క కేక పెట్టాడు చూడు, నేను ఉలిక్కిపడ్డాను. ఏడాదిన్నరగా తెలిసిన మనిషి గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

స్టేజీ మీద ఎనిమిది మంది. అకార్డియన్ భుజానికి తగిలించుకుని గాల్లోకి ఎగిరి మోకాళ్ళ మీద దిగే జేమ్స్ ఫెర్న్‌లీ. టిన్ విజిల్ ఊదే స్పైడర్ స్టేసీ, ఈయన మొదటి రోజుల్లో బీరు ట్రేతో తన నెత్తి మీద తనే కొట్టుకుంటూ తాళం వేసేవాడట. అది వినగానే నాకు మనూరి తప్పెటగుళ్ళు గుర్తొచ్చాయి. గుండె మీద రేకు గుల్ల కట్టుకుని, రెండు చేతులా బాదుకుంటూ, ఎగురుతూ, ఎగురుతూనే పాడతారే, అదే వేగం, అదే చెమట. మధ్యలో షేన్. పళ్ళు చాలావరకు లేవు, ఉన్నవి పుచ్చినవి. చెవులు చేటలు. ఒక చేతిలో సిగరెట్టు, ఇంకో చేతిలో గ్లాసు. నవ్వితే ష్‌ష్‌ష్ అని పాము బుసకొట్టినట్టు. అందగాడు కాదు, గాయకుడు కూడా కాదేమో. కానీ నోరు తెరిస్తే హాల్లో ఒక్కడు ఊరుకోలేదు. రెండువేల గొంతులు ప్రతి ముక్కా పాడాయి. ఆయన మాటలు సగం మింగేస్తే ఆ సగం జనం పూరించారు. కర్స్టీ వచ్చింది, ఆ పాట పాడారు. అప్పుడు పక్కనున్న పెద్దాయన, ఎవరో తెలియదు, నా మెడ చుట్టూ చెయ్యేసి ఏడుస్తున్నాడు. నాకు పాట మాటలు సగమే తెలుసు. నా నోట్లోంచి "ఓలమ్మో, ఓలప్పో" అని వస్తోంది. చిన్నప్పుడు జాతరలో అరిచిన అరుపు అది. ఎవడూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎవడూ నవ్వలేదు.

అమ్మడూ, నువ్వడిగినదానికి నా దగ్గరున్న జవాబు చాలావరకు ఇదే. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది వారమంతా గొంతు తగ్గించుకుని బతికేవాళ్ళు. మేస్త్రీలు, నర్సులు, గుంతలు తవ్వేవాళ్ళు, వాళ్ళకి అక్కడే పుట్టిన పిల్లలు. షేన్ కూడా ఇంగ్లండ్‌లోనే పుట్టాడు, కెంట్‌లో, 1957 క్రిస్మస్ రోజున. చిన్నతనం టిప్పరరీలో అమ్మ తరఫువాళ్ళ ఇంట్లో. తర్వాత లండన్‌లో స్కాలర్‌షిప్పు మీద పెద్దబడి, మత్తుమందులతో దొరికి గెంటివేత. అటూ కాని ఇటూ కాని మనిషి. తాతల కాలం పాటలని తీసుకొచ్చి శుభ్రంగా కడిగి, మర్యాదగా పాడి ఉంటే ఎవరూ ఏమనేవాళ్ళు కాదు. ఆయన మట్టితో సహా తెచ్చాడు. ఐర్లండ్‌లో సంప్రదాయ విద్వాంసులు కొందరు మండిపడ్డారు, మా సంగీతం పరువు తీశారని. డబ్లినర్స్ అనే పెద్ద బృందం మాత్రం అలా అనుకోలేదు, పక్కన నిలబెట్టుకుని 1987లో కలిసి పాడారు, అది ఐర్లండ్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. 1988 జనవరిలో వచ్చిన పోగ్స్ ఆల్బంలో ఇందాక చెప్పిన ఆ ఆరుగురి మీద కూడా ఒక పాట ఉంది. అదే నెలలో వాళ్ళ అప్పీలు కొట్టేశారు. ఆ పాటని రేడియోలోనూ టీవీలోనూ రాకుండా ఆపారు. బస్సులో నోరు విప్పనివాళ్ళ తరఫున ఒకడు మైకులో పెద్దగా చెప్పాడంటే, వాడి మీద వాళ్ళకుండే ప్రేమ పాట బాగుందనే ప్రేమ కాదు.

ఆ రాత్రి నా ఎడమకాలి బూటు పోయింది. ఆ తొక్కిసలాటలో ఎప్పుడు ఊడిందో తెలియదు. ఒక్క బూటుతో నార్తర్న్ లైన్ రైలెక్కాను. మా పోర్టరు నాకు సానుభూతిగా తన బూటు ఒకటి విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరం ఒంటి బూట్లతో, మార్చి చలిలో, క్వార్టర్స్ దాకా నడిచాం.

ఇప్పుడు రెండో సగం. ఇది రాయకుండా ఆపేద్దామనుకున్నాను, కానీ నువ్వడిగింది దీని గురించే.

ఆరో నంబరాయన ఆ కచేరీకి పది రోజుల ముందు పోయాడు. రక్తం కక్కుకున్నాడు, తెల్లవారుజామున నేనే ఉన్నాను. ఎవరూ రాలేదు. మా పోర్టరు, ఆ మాయో నర్సు కలిసి చర్చికి వెళ్ళారు. అది చూసిన నేను, పది రోజుల తర్వాత ఆ హాల్లో నిలబడి, స్టేజీ మీద మనిషి గ్లాసు ఎత్తినప్పుడల్లా అందరితో కలిసి కేకలు వేశాను. గ్లాసు ఎత్తితే పాట కంటే పెద్ద కేక వచ్చేది. ఆయన తూలితే సంబరం. మాకు అదొక వేషంలా ఉండేది, రాజుకి కిరీటంలా. ఆ పొద్దున్నే ఇంకో పేషెంటు పొట్టలో సూది పెట్టిన చేతులే, రాత్రికి పైకెత్తి చప్పట్లు కొట్టాను. విజయనగరంలో సిరిమాను ఎక్కించి పూజారిని ఊరేగిస్తారు కదా. అంత ఎత్తున ఊగుతున్నవాడికి కళ్ళు తిరుగుతున్నాయేమోనని కింద దండం పెట్టేవాడు ఆలోచించడు. దండం పెడతాడు, అరటిపండు విసురుతాడు, అంతే.

డాక్టరుగా నేను లెక్క వేసుకున్నది ముప్పైఅయిదు దాటడని. 1991లో జపాన్‌లో, యోకొహామాలో, తోటివాళ్ళే ఇక మావల్ల కాదని ఆయన్ని పంపేశారు. వాళ్ళని తిట్టుకున్న అభిమానులు చాలామంది. నాకు మాత్రం, వాళ్ళు చేసిన పని మేం ఎప్పుడో చెయ్యాల్సింది అనిపించింది, కనీసం కేకలు మానేసి ఉండాల్సింది. ఆయన లేకుండా ఇంకో అయిదేళ్ళు లాగారు, చాలావరకు స్పైడర్ పాడాడు. 2001లో మళ్ళీ కలిశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు డిసెంబరు వస్తే చాలు, అదే జనం, నెరిసిన జుట్టుతో, ఎదిగిన పిల్లల్ని వెంటబెట్టుకుని. కర్స్టీ అప్పటికే లేదు. 2000 డిసెంబరులో మెక్సికోలో సముద్రంలో ఈతకొడుతుంటే మోటారు పడవ దూసుకొచ్చింది, కొడుకుని పక్కకి తోసేసి తను పోయింది. ఆమె పాడే చోట వేరేవాళ్ళు పాడేవారు, జనం ఆమె పేరు పెట్టి అరిచేవాళ్ళు.

నా లెక్క తప్పింది. 65 దాకా ఉన్నాడు. నడుం కింద ఎముక విరిగి చివరి ఎనిమిదేళ్ళు చక్రాల కుర్చీలో. మధ్యలో పళ్ళు కట్టించుకున్నాడు, ఒకటి బంగారంది. 2018లో అరవయ్యో పుట్టినరోజని డబ్లిన్‌లో పెద్ద సభ చేసి, ఐర్లండ్ అధ్యక్షుడు హిగ్గిన్స్ స్వయంగా అవార్డు ఇచ్చాడు. 2023 నవంబరు 30న పోయాడు. డిసెంబరు 8న అంత్యక్రియలు. మీ అమ్మ పడుకున్నాక హాల్లో టీవీకి ఫోను తగిలించుకుని చూశాను. డబ్లిన్ వీధుల్లో గుర్రాల బండి, శవపేటిక మీద మూడురంగుల జెండా, రోడ్డుకి రెండువైపులా జనం పాడుతున్నారు. తర్వాత టిప్పరరీలో నీనా అనే ఊరి చర్చి. నిక్ కేవ్ పాడాడు. గ్లెన్ హాన్సర్డ్, లీసా ఓనీల్ ఆ క్రిస్మస్ పాట అందుకున్నారు. చూస్తూ ఉండగానే ముందువరసలోంచి ఆయన భార్య, బంధువులు లేచి, శవపేటిక పక్కనే జంటలు జంటలుగా నాట్యం మొదలుపెట్టారు. చర్చిలో! అమ్మ నీళ్ళకి లేచి వచ్చింది. "ఎవరిదండీ పెళ్ళి?" అంది. చావు అన్నాను. కాసేపు చూసి, "మా ముసలి మావయ్య పోయినప్పుడు డప్పులు పెట్టించి ఆడారు కదా, అలాంటిదే" అని వెళ్ళి పడుకుంది. నేను అయ్యేదాకా కూర్చున్నాను.

తమ్ముడి సంగతికొస్తే, రెండు నెలలు ఎక్కువే. వాడికి విడిగా రాస్తాను. వాడి ముందు బీరు సీసా చూసినప్పుడు నాకు కనపడింది వాడు కాదు, ఆరో నంబరు మంచం. అది వాడికెలా తెలుస్తుంది.

పాతవాళ్ళలో ముగ్గురు, స్పైడర్, ఫైనర్, ఫెర్న్‌లీ, కుర్రవాళ్ళని కలుపుకుని మళ్ళీ తిరుగుతున్నారట. నీ దగ్గరున్న ఆ ఆల్బంకి నలభై ఏళ్ళయిందని మొన్న మేలో బ్రిటన్‌లో ఊరూరా వాయించారు. మళ్ళీ వస్తే వెళ్ళు. బూట్లు లేసులు గట్టిగా కట్టుకుని వెళ్ళు.

ఇక టేపు ముక్కలు. ఆ క్యాసెట్టు మా పోర్టరు ఇచ్చింది, 1989 సంక్రాంతికి నేను ఇంటికొస్తుంటే దారిలో వినమని. బారువలో దిగి మనూరు వెళ్ళాక, ఒక రాత్రి కరెంటు పోయింది. మీ నాయనమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని పాట ఎత్తుకుంది. రంగం పాట, రంగం అంటే రంగూనే. వాళ్ళ నాన్న రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాన్‌వాళ్ళు బాంబులేస్తే అడవుల్లో నడిచి వచ్చినవాడు. అప్పట్లో బారువ, కళింగపట్నం రేవుల్లోంచి స్టీమర్లు నిండా మనవాళ్ళే. ఓడెక్కిన మొగుడి కోసం పెళ్ళాం పాడే పాట అది. ఊళ్ళో ఖాళీ క్యాసెట్టు దొరకదు. చేతిలో ఇదొక్కటే ఉంది, బ్యాటరీల టేప్‌రికార్డరు ఉంది. కంపెనీ క్యాసెట్టు మీద రికార్డు కాకుండా చిల్లులు పెడతారు కదా, వాటి మీద టేపు అంటిస్తే అవుతుంది. రెండో వైపు పాటలన్నీ అయిపోయాక కాస్త ఖాళీ ఉంటుంది. అందులోకి ఎక్కించాను.

తిరిగి వెళ్ళాక మెస్సులో మా పోర్టరుకి వినిపించాను. ఒక్క ముక్క అర్థం కాదు కదా. పూర్తిగా విన్నాడు. "ఎవరు పోయారు?" అని అడిగాడు. ఎవరూ పోలేదు, ఓడెక్కారు అన్నాను. తమ దేశంలో ఎవరైనా అమెరికా వెళ్తుంటే ముందురోజు రాత్రి ఊరంతా చేరి, శవం దగ్గర జాగారం చేసినట్టే తెల్లార్లూ కూర్చునేవాళ్ళట, పాడుతూ, తాగుతూ, ఏడుస్తూ. దానికి పేరే 'అమెరికన్ వేక్'. "మా నాయనమ్మకి ఆ రెండింటికీ ఒకటే రాగం" అన్నాడు. పోగ్స్ 1988 జనవరి ఆల్బంలో వలసవాళ్ళ మీద 'థౌజండ్స్ ఆర్ సెయిలింగ్' అని ఒక పాట ఉంది, గిటారు వాయించే ఫిలిప్ షెవ్‌రాన్ రాశాడు. దాన్ని అప్పటిదాకా చాలాసార్లు విన్నాను. ఆ రోజు తర్వాత బియ్యం మిల్లు తాత మొహం లేకుండా వినలేకపోయాను.

నువ్వు రెండో వైపు పాటలు అయిపోగానే ఆపేసి ఉంటావు. ఈసారి ఆపకు, ఒక నిమిషం బుసబుస తప్ప ఏమీ ఉండదు, ఓపిక పట్టు. టేపు సాగి ఉంటే పెన్సిలు పెట్టి మెల్లిగా చుట్టు, ఆ టేప్‌రికార్డరు మీద ముందుకి వెనక్కి తిప్పకు, తెగుతుంది. నాలుగు నిమిషాలు ఉంటుంది. మధ్యలో కుక్క మొరుగుతుంది. చివర్లో ఎవరో దగ్గుతారు, అది నేను.

మీ నాన్న